ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ని తెలుగులో ఏమందాం?

అమలాపురం నుంచి ప్రశ్న:
టీవీ, యాంప్లిఫయర్ రిపేరు నేర్చుకునే కుర్రాళ్ల కోసం తెలుగులో పాఠాలు రాస్తున్నానండి. ఇంటి కరెంటు తీగలతో నేరుగా లంకె లేకుండా పరికరానికి కరెంటు ఇచ్చేది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని తయారు చేయడానికి పాత సామానులోంచి తీసిన 12 వోల్టుల, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్లు రెండింటిని 12 వోల్టుల వైపున కలిపేస్తాం. మొదటిది 230ని 12కి దించుతుంది, రెండోది దాన్ని మళ్లీ పైకెక్కిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి పరివర్తకం అన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఐసొలేషన్‌కే ఇబ్బంది. ‘పృథక్కరణ’ బరువుగా ఉంది. ‘రక్షణ ట్రాన్స్‌ఫార్మర్’ అనొచ్చా?

భీమవరం నుంచి జవాబు:
‘రక్షణ’ మాత్రం వద్దండీ. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలుపుతారు. అందుకే తడినేల మీద నిలబడి ఫేజు ముట్టుకుంటే షాకు కొడుతుంది. మీరు చెప్పిన అమరికలో ఔట్‌పుట్ తీగలు రెండింటికీ భూమితో లంకె ఉండదు కాబట్టి ఒక్క తీగ తగిలితే ఆ దారిన కరెంటు పారదు. రెండూ తగిలాయా, ప్రాణం పోతుంది. ఇంటి బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి కారితే సరఫరా ఆపేసే స్విచ్చు) కూడా అప్పుడు పడదు. రక్షణ అని పేరు పెడితే కుర్రాడు ధీమాగా చెయ్యి పెట్టేస్తాడు.

పాలకొల్లు నుంచి జవాబు:
‘విడి’ అందామంటే విడిభాగం అనుకుంటారు. నాకు ‘ఎడం’ నచ్చింది. నాట్లు ఎడంగా వేయమంటాం కదా, పక్కపక్కనే ఉంటాయి, ఒకదాన్నొకటి అంటుకోవు. ఇక్కడా తీగ చుట్టలు రెండూ ఒకే ఇనుప కోరు మీద ఉంటాయి, రాగి రాగికి తగలదు, శక్తి అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది. స్టెబిలైజర్లలో వాడే ఆటో ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒకటే చుట్ట, ఎడం లేదు. ఈ తేడా ఒక్క మాటలో తేలిపోతుంది.

అమలాపురం:
బావుందండి. కాకపోతే ‘ఎడం ట్రాన్స్‌ఫార్మర్’ అంటే ఎడం చేతి వైపుది అనుకునే ప్రమాదం ఉంది. పేరు ఐసొలేషన్ అనే ఉంచి, వివరణలో ‘చుట్టల మధ్య ఎడం’ అని రాస్తాను. ఔట్‌పుట్‌ని ఎర్తు చేస్తే ఆ ఎడం పోయినట్టే అనీ రాస్తాను.

భీమవరం:
ఇంకో రెండు మాటలు చేర్చండి. ఆ జత మోసేది 60 వోల్ట్ ఆంపియర్ల లోపే, పెద్ద టీవీ తగిలించకూడదు. ఔట్‌పుట్ 230 కంటే తగ్గుతుంది. లోడు మీద పడిపోయే వోల్టేజిని సరిచేయడానికి సెకండరీకి, అంటే ఇక్కడ 12 వోల్టుల చుట్టకి, కొన్ని చుట్లు ఎక్కువ చుడతారు, రెండోదాన్ని తిరగేసి వాడితే అవే నష్టం. ఇన్‌పుట్‌లో ఫ్యూజు తప్పనిసరి.