‘సెట్’, ‘హాజర్డ్’ కలిసి వచ్చే పాదం ఏది?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. షేక్‌స్పియర్ పాదం ఒకటి వారం రోజులుగా నన్ను వేధిస్తోంది. అందులో ‘సెట్’, ‘లైఫ్’ అన్న మాటలున్నాయని, పాదం ‘హాజర్డ్’తో ముగుస్తుందని జ్ఞాపకం. అక్కడి ‘సెట్’ను తెలుగులో ఏమనాలి?

జవాబు: అది మూడవ రిచర్డ్ మాట. గుర్రానికి రాజ్యమిస్తానని కేకపెట్టిన కాసేపటికే ‘ఐ హావ్ సెట్ మై లైఫ్ అపాన్ ఎ క్యాస్ట్’ అంటాడు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ క్రియకు 430 దాకా అర్థాలు చూపినా, ఇక్కడ పొసగేది పందెంగా పెట్టడమన్నదొక్కటే. ‘ప్రాణాలకు తెగించాను’ అంటే సరిపోతుంది.

జవాబు: అయ్యా, ఆ పాదం ‘క్యాస్ట్’తో, దాని తరువాతిది ‘డై’తో (అంటే పాచికతో) ముగుస్తాయి. ‘హాజర్డ్’తో ముగిసేది అయిదవ హెన్రీ నాటకంలోది. ఫ్రెంచి యువరాజు ఎగతాళిగా టెన్నిస్ బంతులు పంపితే, ఫ్రాన్సుకు వచ్చి ఒక ‘సెట్’ ఆడి అతని తండ్రి కిరీటాన్నే ‘హాజర్డ్’లోకి కొడతానని రాజు బదులిస్తాడు. ‘హాజర్డ్’ అంటే అపాయం; నాటి ఆటస్థలపు గోడలోని రంధ్రానికి కూడా ఆ పేరే ఉండేది. కాబట్టి అక్కడ ‘సెట్’ అంటే ఆటలో ఒక భాగం, అంతే. పందెం ఊసే లేదు.

జవాబు: ఊసు లేదని ఎలా అంటారు? ‘క్రౌన్’ కిరీటమూ అవుతుంది, నాణెమూ అవుతుంది. నాణెం, ఆట, అపాయం ఒకే వాక్యంలో చేరినప్పుడు పందెపు ధ్వని తప్పదు. ఇక ‘తెగించు’ విషయానికి వస్తే, తెగింపులో ఎదుటి పందెగాడు లేడు. పందెంగా పెట్టడానికి మన మాట ‘ఒడ్డు’. ఇంగ్లీషు క్రియ వలకూ పందేనికీ పనికివచ్చినట్లే మనకూ ‘వలలొడ్డు’, ‘పణమొడ్డు’ ఉన్నాయి. నన్నయ సభాపర్వపు జూదఘట్టం చదివినవారికి ఇది చెప్పనక్కరలేదు. ద్రౌపది అడిగిందీ అదే కదా, తన్నొడ్డి నన్నొడ్డెనా అని!

జవాబు: మన్నించాలి, అది ‘ఒడ్డి’ కాదు, ‘ఓడి’. ‘తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా’ అని కదా జనం నోట నిలిచింది. ఒక్క అక్షరమే అయినా ధర్మసందేహమంతా అందులోనే ఉంది. పణంగా ఒడ్డినంత మాత్రాన ధర్మరాజు దాసుడు కాడు; ఓడినప్పుడే అవుతాడు, అప్పుడు ద్రౌపదిని ఒడ్డే హక్కు అతనికి మిగిలిందా అన్నదే ప్రశ్న.

జవాబు: అయినా ఓడిన పణం ముందు ఒడ్డినదే కావాలి కదా! నది ‘ఒడ్డు’ కూడా నీటికి అడ్డంగా పెట్టినదేనని నాకొక అనుమానం.

జవాబు: నదిని వదిలేద్దాం మాస్టారూ.

ప్రశ్న అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. రెండు నాటకాలూ తెరిచి చూశాను. ‘లైఫ్’ రిచర్డ్ దగ్గర, పాదాంతపు ‘హాజర్డ్’ హెన్రీ దగ్గర ఉన్నాయి. నేను వెదికిన పాదం రెండింటిలోనూ లేదు. రిచర్డ్ మాటను ‘నా ప్రాణాన్ని ఒక్క పాచికపై ఒడ్డాను’ అని రాసుకున్నాను. హెన్రీ ‘సెట్’కు మాత్రం ‘ఆట’ అని రాసి, కొట్టేసి, మళ్లీ అదే రాశాను.

జవాబు: ‘పాచికపై’ కాదండీ, ‘పాచికవేటుపై’ అనాలి. ‘క్యాస్ట్’ అంటే వేయడం.