అప్‌డేట్: తోటలో కెమెరా బోర్డు బ్యాటరీ సంగతి

బొబ్బిలి దగ్గర మా మామిడి తోటలో కాయలు లెక్కపెట్టే కెమెరా బోర్డుకి బ్యాటరీ సాయంత్రం దాకా రావట్లేదని అడిగాను కదా. ర్యామ్ (బోర్డు పనిచేసేటప్పుడు డేటా ఉంచుకునే మెమరీ) వైపు ఓ చూపు వేయమన్నవాళ్లకి దండం!

సీనియర్ రాసిచ్చిన సీ భాష కోడ్ ఫొటోని నిలువు వరసల్లో చదువుతోంది. సీలో డేటా ఉండేదేమో అడ్డ వరసల్లో. కాష్‌లోకి (ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ర్యామ్ నుంచి ఒక్కోసారి 64 బైట్లు వస్తే వాడేది ఒక్కటే, మిగతావి దండగ. సంతదాకా వెళ్లి ఒక్క పచ్చిమిరపకాయ తెచ్చుకున్నట్టు. 2014లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ చెప్పిన అంకెల్ని బట్టి వేసిన లెక్క చూస్తే కళ్లు తిరిగాయి: 45 నానోమీటర్ చిప్‌లో 32 బిట్ల కూడికకి 0.1 పికోజౌల్ (జౌల్‌లో లక్ష కోట్లో వంతు శక్తి), అన్నే బిట్లు డీర్యామ్ (బోర్డుల్లో వాడే ర్యామ్ రకం) నుంచి చదవడానికి 640 పికోజౌళ్లు.

జీసీసీకి (సీ కోడ్‌ని బోర్డుకి అర్థమయ్యేలా మార్చే కంపైలర్) ఓ3 (కోడ్‌ని బాగా వేగంగా చేయమనే ఆప్షన్) పెట్టినా ఫొటోని చదివే లూపుల వరస మారలేదు. రెండు పాయింటర్లు (మెమరీలో చోటు గుర్తులు) ఒకే చోటుని చూపిస్తాయేమోనని దాని అనుమానం (అదీ న్యాయమే). పాయింటర్లకి రిస్ట్రిక్ట్ (అవి ఒకే చోటుని చూపించవని మాటిచ్చే సీ పదం) తగిలించాక లోపలి లూపు, బయటి లూపు అదే తారుమారు చేసుకుంది, చదవడం అడ్డ వరసల్లోకి మారింది. ఇప్పుడు చీకటి పడ్డాక కూడా ఛార్జ్ మిగులుతోంది.

డీర్యామ్ రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా మళ్లీ మళ్లీ ఛార్జ్ నింపడం) ఖర్చు మాత్రం బోర్డు ఊరకే ఉన్నా తప్పదు, లూపులు మార్చినంత మాత్రాన అది తగ్గదు. రాత్రిపూట బోర్డుకి కరెంటే ఆపేసే టైమర్ ఎవరైనా వాడారా?