ఆల్కలినిటీ మూడు రోజుల్లో రెండు డీకేహెచ్ పడిపోతోంది: డోసింగ్ పంపుకి లెక్క ఎలా కట్టాలి?

నీలికెరటం:

సంప్‌తో కలిపి (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టె) నికరంగా 220 లీటర్ల నీళ్ళున్న రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టె. ఎక్కువగా ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల గట్టి) పగడాలు, కొన్ని మాంటిపోరాలు, రెండు అక్రోపోరా కొమ్మలు (ఈ రెండూ చిన్న పాలిప్‌ల పగడాలు). ఇప్పటిదాకా మూడు రోజులకోసారి చేత్తోనే డోసు: ముందు సోడియం బైకార్బొనేట్ ద్రావణం, వెంటనే కాల్షియం క్లోరైడ్. రెండూ సంప్‌లో హీటరున్న అరలోకే. కొలతలు ఇవీ:

ఆల్కలినిటీ (నీటిలోని బైకార్బొనేట్, కార్బొనేట్‌ల కొలత, డీకేహెచ్ దాని ప్రమాణం): డోసు వేసిన రోజు 8.6 డీకేహెచ్, మూడు రోజులకి 6.5
కాల్షియం 385 పీపీఎం
మెగ్నీషియం 1180 పీపీఎం
స్పెసిఫిక్ గ్రావిటీ 1.024 (25 డిగ్రీల దగ్గర)
పీహెచ్ పగలు 8.1, తెల్లవారుజామున 7.8
నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05
ఆవిరయ్యే నీళ్ళు రోజుకి దాదాపు 3 లీటర్లు

డోసు పోయగానే నీళ్ళు కాసేపు పాలు కలిపినట్టు తెల్లబడుతున్నాయి. హీటరు మీద తెల్లటి పెచ్చు కడుతోంది. కాల్షియం ఎంత పోసినా పెరగడం లేదు. రెండు తలల డోసింగ్ పంపు బిగించబోతున్నాను. ద్రావణాలు ఏ పాళ్ళలో కలపాలి, రోజుకి ఎన్ని మిల్లీలీటర్లు, మెగ్నీషియం ముందు పెంచాలా? బైకార్బొనేట్‌తోనే ఉండాలా, సోడా యాష్‌కి మారాలా?

---

ఉప్పుగాలి:

ముందు మెగ్నీషియం. కాల్షియం కార్బొనేట్ స్ఫటికం పెరుగుతుంటే మెగ్నీషియం దాని ఉపరితలానికి అంటుకుని పెరుగుదలను ఆపుతుంది. అది తగ్గితే మీరు పోసిన కాల్షియం, ఆల్కలినిటీ రెండూ కలిసి సున్నంగా మారి హీటరెక్కుతాయి. పాలరంగు అదే. 1180 నుంచి 1280కి తేవాలంటే మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 100 లీటర్లకి 84 గ్రాముల చొప్పున మీకు 184 గ్రాములు. మూడు నాలుగు రోజులకి పంచి వేయండి.

---

లెక్కలపెట్టె:

నీలికెరటం గారూ, ఆ మెగ్నీషియం డబ్బా మూత ఇప్పుడే తీయకండి. ఉప్పుగాలి గారు చెప్పిన కారణం నిజమే, లెక్కా సరైనదే. కానీ ఆయన ఉప్పు చూడలేదు.

25 డిగ్రీల దగ్గర 1.024 అంటే లవణీయత దాదాపు 32 (కిలో నీటికి 32 గ్రాముల ఉప్పు). సముద్రపు నీరు 35, అంటే 1.0264. నీళ్ళు పలచగా ఉంటే అందులోవన్నీ అదే దామాషాలో తక్కువ చూపిస్తాయి. 1180ని 35తో గుణించి 32తో భాగించండి: 1290. కాల్షియం 385 కూడా అలాగే 421 అవుతుంది. సముద్రంలో ఉండేవి సుమారు 1290, 415. అంటే మీకు మెగ్నీషియం కొరత లేదు, ఉప్పు కొరత ఉంది. ఇప్పుడు 184 గ్రాములు వేసి, తర్వాత ఉప్పు సరిచేస్తే మెగ్నీషియం 1400కి పోతుంది. పగడాలకేమీ కాదు గానీ, దండగ పని.

దానికన్నా ముందు రిఫ్రాక్టోమీటరు (లవణీయత కొలిచే మీటరు) నిజం చెబుతోందో లేదో చూడండి. ఆర్‌ఓ నీళ్ళతో సున్నా సరిచేసినంత మాత్రాన 35 దగ్గర సరిగా చూపిస్తుందన్న హామీ లేదు. 35 లవణీయత ఉన్న ప్రామాణిక ద్రావణం చుక్కతోనే సరిచేయాలి.

నిజంగానే 32 అని తేలితే, ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ కాకుండా 35 లవణీయతతో కలిపిన ఉప్పునీళ్ళు పోయండి. రోజుకి 3 లీటర్లంటే 105 గ్రాముల ఉప్పు, అంటే రోజుకి అర పాయింటు కన్నా కాస్త తక్కువే పెరుగుతుంది. ఆరేడు రోజుల్లో 35కి చేరుతుంది. చేరగానే ఆర్‌ఓకి తిరిగి రావడం మాత్రం మరచిపోవద్దు. ఆ వారం ఆల్కలినిటీ పతనం రోజుకి 0.1 డీకేహెచ్ పైగా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే కొత్త ఉప్పునీళ్ళు తమ వంతు తెస్తాయి. ఆ అంకెలతో వాడకం లెక్క కట్టకండి.

ఇక పాలరంగు సంగతి. మూడు రోజుల లోటును ఒకేసారి పూడ్చడం, వెంటనే అదే చోట కాల్షియం పోయడం, పక్కనే వేడి హీటరు. కాల్షియం కార్బొనేట్ వేడికి ఇంకా తక్కువగా కరుగుతుంది. మెగ్నీషియం ఎంత బాగున్నా ఆ అరలో సున్నం పడుతుంది. అలా పడిన దాన్ని పగడాలు వాడుకోలేవు, మీ 0.7 డీకేహెచ్ రోజువారీ పతనంలో కొంత ఇదే కావచ్చు.

అంకెల దగ్గరికొస్తే, పగ్గం ఆల్కలినిటీ చేతికివ్వండి, కాల్షియానికి కాదు. పగడం అస్థిపంజరం కట్టేటప్పుడు 1 డీకేహెచ్ వాడితే దాదాపు 7 పీపీఎం కాల్షియం వాడుతుంది. ఈ నిష్పత్తి మారదు. రోజుకి 0.7 డీకేహెచ్ అంటే కాల్షియం 5 పీపీఎం. మామూలు కాల్షియం కిట్టులో తేడానే అంతకన్నా ఎక్కువ, ఆ 5 మీకు కనిపించదు. ఆల్కలినిటీ కిట్టులో 0.7 స్పష్టంగా కనిపిస్తుంది. మీ కిట్టులో ఒక చుక్క 1 డీకేహెచ్ అయితే నమూనా నీళ్ళు రెట్టింపు తీసుకోండి, చుక్క 0.5 అవుతుంది. కొలత రోజూ ఒకే వేళకి.

ద్రావణాలు ఇలా కలిపితే రెండు పంపులకీ ఒకే అంకె సరిపోతుంది:

సోడా యాష్ (సోడియం కార్బొనేట్) 53 గ్రాములు, ఆర్‌ఓ డీఐ నీళ్ళతో కలిపి మొత్తం ఒక లీటరు
కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 73.5 గ్రాములు, మొత్తం ఒక లీటరు

రెండింటిలోనూ ఒక మి.లీ. అంటే ఒక మిల్లీ ఈక్వివలెంట్ (రెండు పదార్థాలు సరిసమానంగా కలిసే పరిమాణానికి ప్రమాణం). లీటరుకి ఒక మిల్లీ ఈక్వివలెంట్ 2.8 డీకేహెచ్. మీ 220 లీటర్లకి 1 డీకేహెచ్ పెంచడానికి 79 మి.లీ. రోజుకి 0.7 కాబట్టి 55 మి.లీ. కాల్షియం కూడా 55 మి.లీ., అందులో 1.1 గ్రాముల కాల్షియం ఉంటుంది, అంటే అదే 5 పీపీఎం.

తెల్లవారుజామున 7.8 ఉన్నవాళ్ళకి సోడా యాష్ మేలు. బైకార్బొనేట్ పీహెచ్‌ని కాస్త దించుతుంది, కార్బొనేట్ పెంచుతుంది. బేకింగ్ సోడా ఉంటే దాన్నే ఓవెన్‌లో పలచగా పరిచి 200 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేయండి. 84 గ్రాములు పెడితే 53 గ్రాములు మిగలాలి. ఇంకా బరువుంటే ఇంకాసేపు. బేకింగ్ పౌడర్ వేరు, అందులో ఆమ్లం కలిసి ఉంటుంది, దాని జోలికి పోవద్దు. కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు నీళ్ళు బాగా వేడెక్కుతాయి, నీళ్ళలో పొడి కొద్దికొద్దిగా వేయండి. దాని మీద అన్‌హైడ్రస్ అని ఉంటే 73.5 కాదు, 55.5 గ్రాములు చాలు. డబ్బా మూత వదులుగా ఉంటే గాలిలో తేమ పీల్చేస్తుంది, అప్పుడు తూకమే అబద్ధం.

ఆల్కలినిటీని 8 దగ్గర నిలపండి. అక్కడికి చేర్చడానికి రోజుకి అదనంగా 0.5 మించకూడదు, అంటే 39 మి.లీ. ఫాస్ఫేట్, నైట్రేట్ సున్నాకి దగ్గరగా ఉన్న ట్యాంకుల్లో 10 దాకా పోతే అక్రోపోరా కొసలు కాలినట్టు తెల్లబడతాయి. మీ పోషకాలు బాగానే ఉన్నాయి, అయినా 10 దాకా వెళ్ళాల్సిన పని లేదు.

---

గొట్టంపని:

పైన చెప్పినదంతా పంపు సరిగా పోస్తేనే.

55 మి.లీ.ని 24 భాగాలు చేస్తే ఒక్కో డోసు 2.3 మి.లీ. సోడా యాష్ గంట కొట్టగానే, కాల్షియం అరగంటకి. రెండూ వేర్వేరు చోట్ల, ప్రవాహం గట్టిగా ఉన్న అరలో, హీటరుకి దూరంగా. సోడా యాష్ వాటాని రాత్రివేళకి ఎక్కువగా మళ్ళిస్తే పీహెచ్ పతనం కాస్త తగ్గుతుంది.

కాలిబ్రేషన్ పేరుతో 10 మి.లీ. కొలవకండి. 100 మి.లీ. కొలజాడీలోకి పోయించి చూడండి. పెరిస్టాల్టిక్ తలలో గొట్టం రోలర్ల కింద నలిగి చదునవుతుంది, నెలలు గడిచేకొద్దీ ప్రతి తిప్పుకీ తక్కువ పోస్తుంది. మీకేమో ఆల్కలినిటీ వాడకం పెరిగినట్టు కనిపిస్తుంది. నెలకోసారి కొలవండి, గొట్టం బిరుసెక్కితే మార్చండి.

గొట్టం చివర నీటిమట్టానికి పైనే ఉండాలి. మునిగితే, డోసు సీసా నీటిమట్టానికి కిందుగా ఉన్నప్పుడు ట్యాంకు నీళ్ళు వెనక్కి సీసాలోకి సైఫన్ అయ్యే ప్రమాదం ఉంది, పైగా మునిగిన కొసలో సున్నం కట్టి మూసుకుపోతుంది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. సీసా ఎంత పెద్దదో అంత ప్రమాదం. రెండు లీటర్ల సోడా యాష్ ఒక్కసారిగా సంప్‌లో పడితే మీ ట్యాంకులో ఆల్కలినిటీ 25 డీకేహెచ్ పెరుగుతుంది. అంటే అన్నీ పోయినట్టే. వారానికి సరిపడా 400 మి.లీ. మాత్రమే నింపితే అంతా ఒలికినా 5 పెరుగుతుంది. అదీ మంచిది కాదు, కానీ దాన్నుంచి కోలుకోవచ్చు.

---

సున్నపుతేట:

రోజుకి 3 లీటర్లు ఆవిరవుతున్నాయి, వాడకం 55 మిల్లీ ఈక్వివలెంట్లు, రాత్రి పీహెచ్ తక్కువ. ఇది సున్నపు తేటకి (కాల్షియం హైడ్రాక్సైడ్ కరిగిన నీళ్ళకి) అచ్చంగా సరిపోయే ట్యాంకు. సంతృప్త సున్నపు నీళ్ళలో లీటరుకి 40 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. అంటే మీకు 1.4 లీటర్లు చాలు. లేదా మొత్తం 3 లీటర్ల టాప్‌అప్ నీళ్ళలో (ఆవిరైన వాటికి బదులు పోసేవి) 2 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపితే అదే లెక్క. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ దానంతటదే సరైన నిష్పత్తిలో వస్తాయి, పీహెచ్ పెరుగుతుంది, ఉప్పు పోగవదు. రెండు ద్రావణాల పద్ధతిలో రోజుకి 3.2 గ్రాముల సోడియం క్లోరైడ్ మిగులుతుంది, నెలకి లవణీయత దాదాపు 0.4 పెరుగుతుంది. నెలనెలా నీళ్ళు మార్చకపోతే అది మీ మీటరులో కనిపిస్తుంది.

లోపం ఒకటే, పెద్దది. టాప్‌అప్ సెన్సరు ఇరుక్కుపోతే సున్నపు నీళ్ళు మొత్తం పడిపోతాయి. వాటి పీహెచ్ 12 పైమాటే. అందుకే ఆటో టాప్‌అప్‌కి వదిలేయకండి, విడిగా డోసింగ్ పంపుతో రాత్రంతా నెమ్మదిగా పోయించండి. అడుగున మడ్డి కదలకుండా పైన తేరిన నీళ్ళే తీయాలి. పీహెచ్ 8.5 దాటితే వేగం తగ్గించండి. కాల్షియం ఒక్కటే తక్కువైతే దీనితో సరిదిద్దలేరు, దానికి క్లోరైడే.

---

నీలికెరటం:

పన్నెండు రోజుల తర్వాత కొలతలు: మీటరు ప్రామాణిక ద్రావణంతో సరిచేశాక చూసినా 32 చూపించింది. ఇప్పుడు లవణీయత 35, కాల్షియం 425, మెగ్నీషియం 1290. మెగ్నీషియం ఏమీ వేయలేదు. ఆర్‌ఓకి మారాక చివరి ఐదు రోజులు రెండు తలలూ 55 మి.లీ. చొప్పున, ఆల్కలినిటీ 8.0 నుంచి 8.7కి పెరిగింది. నీళ్ళు తెల్లబడటం లేదు. కాల్షియం తలని వదిలేసి సోడా యాష్ మాత్రమే తగ్గించాలా?

---

లెక్కలపెట్టె:

రెండూ తగ్గించాలి. అయిదు రోజుల్లో 0.7 పెరిగిందంటే రోజుకి 0.14 అదనంగా పోస్తున్నారు. 79తో గుణిస్తే 11 మి.లీ. రెండు తలలూ 44కి దించండి. మునుపు హీటరు మింగిన వాటా ఇదే, చోటు మార్చగానే నిజమైన వాడకం బయటపడింది. 8.7ని బలవంతంగా దించకండి, రెండు రోజులు 35 మి.లీ. దగ్గర నడిపి తర్వాత 44 పెట్టండి.

కాల్షియం రెండు వారాలకోసారి కొలిస్తే చాలు. అది 30 పీపీఎం తగ్గినా పంపు అంకె ముట్టుకోకండి, చేత్తో ఒక్కసారి సరిదిద్దండి: కాల్షియం ద్రావణం 330 మి.లీ., రెండు మూడు రోజులకి పంచి. పంపుల నిష్పత్తి మారిస్తే ఆరు వారాల తర్వాత అదే కొత్త గొడవ.

---

గొట్టంపని:

వెనిగర్‌లో ఆ హీటరు పెచ్చు కరిగించి తర్వాత కడగండి, ప్లగ్ తీసి చల్లారాకే. పెచ్చు అలాగే ఉంటే కొత్త సున్నం దాని మీదే వేగంగా ఎక్కుతుంది. రిటర్న్ పంపు ఇంపెల్లర్ కూడా విప్పి చూడండి, అక్కడా ఉండే ఉంటుంది.