కుల వనభోజనాలకు పిల్లల్ని తీసుకెళ్లాలా?

తూర్పుగాలి: కార్తీకం మొదలైంది, మా సంఘం వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. ఆదివారం మామిడితోటలో భోజనాలు, పిల్లల్ని తప్పకుండా తీసుకురమ్మని. పోయిన ఏడాది మా బాబు వాడి ఫ్రెండ్‌ని కూడా పిలుద్దామంటే, అది మనవాళ్లకే అని చెప్పాల్సి వచ్చింది. నలుగురితో కలవడం నేర్పుదామని తీసుకెళ్లి చివరికి నేర్పింది ఇదా? ఈసారి వెళ్లను. మీరేమంటారు?

బాపట్ల బాబాయ్: వెళ్లకపోతే మేనత్త ఎవరో, పెదనాన్న ఎవరో పిల్లలకి ఎలా తెలుస్తుందండీ? ఫోన్లు పక్కన పడేసి విస్తరి ముందు కూర్చునేది ఆ ఒక్కరోజే. ఆటలు పెడతారు, పదిలో మంచి మార్కులొచ్చిన వాళ్లకి సన్మానం చేస్తారు. ఇందులో తప్పేముంది?

సిరి: మా దగ్గర ఫంక్షన్ హాల్లో పెట్టి, కుండీలో ఉసిరి మొక్క తెచ్చారు. అది వనభోజనమా అసలు?

బాపట్ల బాబాయ్: ఊళ్లో తోటలు ఎక్కడ మిగిలాయమ్మా? పూజ చేశారా లేదా అన్నదే ముఖ్యం. మొక్కైనా ఉసిరే.

సిరి: చెట్టు కింద తినాలి కదండీ, మొక్క పక్కన కాదు.

తూర్పుగాలి: చెట్టు గొడవ వదిలేయండి. స్టేజీ ఎక్కిన నాయకుడు మనమంతా ఒక్కటిగా ఉండాలి అని గంట చెప్పాడు, పిల్లలు ఎండలో కూర్చుని విన్నారు. ఎవరి మీద ఒక్కటవ్వాలి? ఇదే కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు అన్ని కులాల వాళ్లనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. మనం మళ్లీ బంతులు విడదీసుకుంటున్నాం. మా అపార్ట్‌మెంట్ వాళ్లమంతా కలిసి వెళ్తే సరిపోదా?

బాపట్ల బాబాయ్: అపార్ట్‌మెంటా! మా నాన్నగారు పోయిన రోజు మా అపార్ట్‌మెంట్ గ్రూపు నిండా దణ్ణం బొమ్మలే, కిందికి దిగి వచ్చినవాడు లేడు. పాడె మోసింది సంఘం వాళ్లు, దినం దాకా వంటలు చూసుకుంది వాళ్లు. మా పిల్లలు అది చూశారు. కష్టంలో ఎవరొస్తారో తెలియడమే పిల్లలకి కావాల్సిన చదువు.

రాజ్యం టీచర్: నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ఈ నెలలో సోమవారం వస్తే చాలు, నిన్న మీ భోజనాలు ఎక్కడ అని పిల్లలు ఒకళ్లనొకళ్లు అడుగుతారు. అప్పటిదాకా కులం పట్టని పిల్లలకి కూడా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. మావాళ్లకి లేవు టీచర్ అని ఒక పాప చెప్పింది. మధ్యాహ్న భోజనానికి అందరూ పక్కపక్కనే కూర్చుంటారు మరి.

తూర్పుగాలి: బాబాయ్ గారూ, మీ పక్క ఫ్లాట్ వాళ్లింట్లో ఎప్పుడైనా భోంచేశారా? మీరు వెళ్లకుండా వాళ్లు రాలేదంటే ఎలా?

బాపట్ల బాబాయ్: నువ్వు నాకు నీతులు చెప్పొద్దు. ఉన్నమాట చెప్తా విను. నాకు ఇద్దరు ఆడపిల్లలు. అక్కడ నలుగురి కంట్లో పడితే సంబంధాలు వస్తాయి. రేపు నీ కొడుక్కి కులం చూడకుండా పెళ్లి చేస్తావా?

తూర్పుగాలి: నేను చూడకుండానే చేసుకున్నాను. పోయిన ఏడాది అక్కడ మా ఆవిడని ఎవరి అమ్మాయివమ్మా అని అడిగారు. తను చెప్పింది. అంతే, పక్కన కూర్చున్నావిడ కుర్చీ జరుపుకుని వెళ్లిపోయింది. బాబు అక్కడే ఉన్నాడు.

బాపట్ల బాబాయ్: అది చాలా తప్పు. నేనుంటే ఊరుకునేవాణ్ని కాదు. అయినా మా పిల్లల్ని మాత్రం తీసుకెళ్తాను.

సిరి: మా వీధిలో అందరం కలిసి పెట్టుకుందామనుకున్నాం. తోట దొరికింది, చందాలు కూడా వచ్చాయి. వంట ఎవరి చేత చేయించాలన్న దగ్గర ఆగింది, రెండు వారాలైంది.