డిటెక్టర్ క్లిక్‌మనకుండా ‘ఒక్క ఫోటాన్’ అని ఎలా అంటాం?

నీలిమ_ఫిజిక్స్:
సూపర్‌కండక్టింగ్ (నిరోధం లేకుండా కరెంటు పారే) సర్క్యూట్‌తో మైక్రోవేవ్ ఫోటాన్లను, అంటే ఆ తరంగపు శక్తి రేణువులను, ఒక్కొక్కటిగా, అడిగినప్పుడల్లా పుట్టించామని 2007లో యేల్ బృందం నేచర్‌లో రాసింది. క్యూబిట్‌ను (రెండు శక్తి స్థితులున్న క్వాంటం సర్క్యూట్‌ను) పై స్థితికి ఎక్కించి వదిలేస్తే ఆ శక్తి రెజొనేటర్ (ఒకే ఫ్రీక్వెన్సీకి మోగే సర్క్యూట్) గుండా ఫోటాన్‌గా బయటికొస్తుంది. ఇంతవరకు నాకు పేచీ లేదు. కానీ వాళ్లు ఫోటాన్లను లెక్కపెట్టలేదు, యాంప్లిఫైయర్‌లోంచి వచ్చిన వోల్టేజీకి సగటు తీశారు. 4 కెల్విన్ దగ్గర ఉండే ఆ యాంప్లిఫైయర్ తన వంతుగా కలిపే నాయిసే (అడ్డదిడ్డపు హోరే) పది ఫోటాన్లకు తక్కువ ఉండదు. ఆ హోరులో ఒక్కటి వినబడిందంటే ఎలా నమ్మాలి?

రఘు_క్రయో:
నీలిమ గారూ, 5 గిగాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి మామూలు వెలుతురు ఫోటాన్‌లో దాదాపు లక్షో వంతు. దాన్ని పట్టి క్లిక్‌మనే డిటెక్టర్ అప్పటికి చేతిలో లేదు. అందుకే ఆ పేపర్‌లో గ్రాఫ్ చూడాలి. క్యూబిట్‌ను పైకి తోసే డ్రైవ్ పల్స్ పెంచుతూ పోతే క్యూబిట్ సగం తిరిగినప్పుడు సగటు వోల్టేజీ గరిష్ఠం, పవర్ సగం. పూర్తిగా తిరిగితే పవర్ గరిష్ఠం, సగటు వోల్టేజీ సున్నా. ఇంకా పెంచితే పవర్ మళ్లీ తగ్గుతుంది! మామూలు మైక్రోవేవ్ పల్స్ ఇలా చచ్చినా చెయ్యదు, తోసేకొద్దీ పెరుగుతూనే పోతుంది.

నీలిమ_ఫిజిక్స్:
గ్రాఫ్ అందంగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఫేజ్ (అల ఏ దశలో ఉందన్నది) నిలవని నాయిస్‌కి కూడా సగటు వోల్టేజీ సున్నాయే కదండీ. రెండు ఫోటాన్లు కలిసి రాలేదనడానికి అది చాలదు.

తరంగం:
దానికి జవాబు 2011లో జ్యూరిక్ నుంచి వచ్చింది. సిగ్నల్‌ను బీమ్ స్ప్లిటర్‌తో రెండు దారుల్లోకి చీల్చి, దారికో యాంప్లిఫైయర్ పెట్టారు. రెండింటి నాయిస్‌కీ చాలావరకు సంబంధం ఉండదు. కాబట్టి రెండు వైపుల రికార్డులను గుణించి సగటు తీస్తూ పోతే నాయిస్ రాలిపోయి ఫోటాన్ల పొంతన మిగులుతుంది. రెండు ఫోటాన్లు ఒకేసారి రావడం లేదని అందులో తేలింది. ఈ చర్చ అక్కడితో ముగిసిందనే నా ఉద్దేశం.

నీలిమ_ఫిజిక్స్:
సగమే ముగిసింది. దారిలో తొంభై శాతం ఫోటాన్లు పోయినా ఆ కొలత విలువ మారదు. రెండు రావని అది చెబుతుంది, ప్రతిసారీ ఒకటి వస్తుందని చెప్పదు. ‘అడిగినప్పుడల్లా’ అన్న మాటకు ఆధారం ఏది? రెండు చిప్‌ల మధ్య క్వాంటం సమాచారం పంపేవాళ్లకు కావలసింది అదే.

రఘు_క్రయో:
ఇది సరైన ప్రశ్న. 2018లో జ్యూరిక్, టోక్యో బృందాలు ఫోటాన్‌ను మింగకుండానే దాని రాకను పసిగట్టాయి. క్యూబిట్ ఉన్న కావిటీని (మైక్రోవేవ్‌ను పట్టి ఉంచే రెజొనేటర్‌ను) తాకి ఫోటాన్ వెనక్కి మళ్లితే క్యూబిట్ ఫేజ్ తిరగబడుతుంది, తర్వాత క్యూబిట్‌ను చదివితే తెలిసిపోతుంది. అయితే ఆ డిటెక్టర్ కూడా కొన్నిటిని వదిలేస్తుంది. కాబట్టి ఫోటాన్‌ను పుట్టించే మూలం సామర్థ్యం తెలియాలంటే పవర్‌నే కచ్చితంగా కొలవాలి. కేబుల్ నష్టాన్ని అంచనా వేసి కాదు, ఎంత పవర్‌కు క్యూబిట్ ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూసి, క్యూబిట్‌నే మీటర్‌గా వాడి. ఆ సంఖ్య ఇవ్వని పేపర్‌లో ‘అడిగినప్పుడల్లా’ అని ఉంటే నేనూ మీ పక్షమే.