తుప్పలు కొట్టేశాక జీడికాపు తగ్గింది, మీకూ ఇంతేనా?

ఉద్దానం_కుర్రాడు: మా జీడితోటకి ఆనుకుని ఎకరం తుప్పలు ఉండేవి. బలుసు, పరికి, వావిలి. పోయిన ఏడాది పక్కాయన పొక్లెయిన్ పెట్టి చదును చేసి సరుగుడు వేశాడు. ఈసారి పూత విరగబూసింది, పిక్క మాత్రం పల్చన. ఆరు బస్తాల చోట నాలుగే. తేనెటీగలు లేకేనా? పెట్టెలు పెడితే ఒక్కోటి ఎంతవుతుంది?

పలాస_రైతు: ఈగలూ లేదు, గీగలూ లేదు. టీ దోమ, లేత చిగురూ పూతా రసం పీల్చేసే పురుగు. 2018 తిత్లీ తుపానులో నావి నలభై చెట్లు వేళ్లతో లేచిపోయాయి, ఆ పరిహారమే ఇంకా రాలేదు. నువ్వు పిక్క తగ్గిందని ఏడుస్తున్నావు.

ఉద్దానం_కుర్రాడు: టీ దోమైతే పూగుత్తి మాడిపోవాలి కదన్నా. మాది పచ్చగానే ఉంది, పువ్వే రాలిపోయింది.

తేనె_మాస్టారు: పదిహేనేళ్లుగా పెట్టెలు పెంచుతున్నాను, వినండి. జీడి పుప్పొడి జిగురు, గాలికి ఎగరదు. గుత్తిలో మగపూలే ఎక్కువ. పిక్క కట్టే ఆ కాసిని పూల మీద ఈగో చీమో వాలాలి. జీడిపూత రెండు మూడు నెలలే, మిగతా ఏడాదంతా వాటికి మేత ఆ తుప్పల్లోనే. సరుగుడు గాలిపూత, అందులో తేనె ఉండదు. పురుగుమందు ఈగ తిరగని సాయంత్రం కొట్టండి, అంతే.

బొబ్బిలి_బీర: సాయంత్రమా మాస్టారూ! బీరపువ్వు విచ్చేదే అప్పుడు. ఇలాంటి సలహా విని నాలుగున్నరకి కొట్టాను. మర్నాడు ఒక్క పువ్వులో మూడు ఈగలు, కాళ్లు ముడుచుకుని. వారం తిరక్కుండా పిందెలు పసుపెక్కి రాలాయి.

తేనె_మాస్టారు: నేను చెప్పింది జీడికి. చదివి రాయండి.

బొబ్బిలి_బీర: "అంతే" అన్నారు. అంతే అంటే అన్నిటికీ అనే అర్థం.

గరివిడి_మొక్కజొన్న: మాకీ తంటా లేదు, పొత్తుకి గాలి చాలు.

బొబ్బిలి_బీర: మీకేం బాబూ. మీరు గట్ల మీద కొట్టే గడ్డిమందుకే మాకు ఈగ లేకుండా పోయింది.

వంగతోట_అక్క: మగాళ్లందరూ పెట్టెలంటారు. వంగపువ్వుని పట్టుకుని జుయ్యిమని ఊపితేనే పుప్పొడి బాగా రాలుతుంది, ఆ పని తేనెటీగకి రాదు, తుమ్మెదకి వచ్చు. మా దొడ్లో ఎండుమొద్దుకి వేలు పట్టేంత కన్నాలు, కింద రంపపు పొట్టు. మా ఆయన దాన్ని పొయ్యిలో పెట్టేశాడు. తుమ్మెదని ఏ పెట్టెలో తెస్తారు?

పలాస_రైతు: ఆ తుమ్మెదలే మా పాక వాసాలు తొలిచేస్తున్నాయి, పట్టుకుపొండి తల్లీ.

ఉద్దానం_కుర్రాడు: పెట్టె రేటు ఎవరైనా చెప్తారా?

గరివిడి_మొక్కజొన్న: తమ్ముడూ, మీ పక్కాయన సరుగుడు ఎప్పుడు నరుకుతాడు? మాకు సెంట్రింగ్ బాదులు కావాలి.