విదేశంలో కారు నడిపేటప్పుడు నావిగేషన్‌ని నమ్ముకోవచ్చా?

తోటవీధి (రాయగడ):
అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో నేను, మా ఆవిడ, అమ్మానాన్న మ్యూనిక్‌లో ఉన్న మా అక్క ఇంటికి వెళ్తున్నాం. అక్కడ కారు అద్దెకు తీసుకుని, ఆస్ట్రియా మీదుగా ఇటలీ దిగి ఫ్లోరెన్స్, పీసా చూసి రావాలని ప్లాన్. నడిపేది నేనే. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే ఘాటీలో (కొండదారిలో) పన్నెండేళ్లుగా బండి నడుపుతున్నాను కానీ రోడ్డుకి కుడి పక్కన ఎప్పుడూ నడపలేదు. "కారులో నావిగేషన్ ఉంటుంది, టెన్షన్ పడకు" అంటోంది అక్క. "దారి కాగితం మీద రాసుకోకుండా బండి తీయకు" అంటున్నారు నాన్న. ఎవరి మాట వినాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఘాటీ_దారి (జయపురం):
బాబూ, మీ నాన్నగారి మాట విను. నేను మస్కట్‌లో పదకొండేళ్లు డ్రైవర్‌గా చేశాను. అక్కడా కుడి పక్కనే. మా యజమాని మొదటి నెల నాకు తాళం ఇవ్వలేదు. పక్క సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పించాడు. ఆ నెల రోజులే నన్ను కాపాడాయి. రౌండెబౌట్ దగ్గర "మూడో ఎగ్జిట్ తీసుకో" అని ఫోన్ చెబుతుంది. మన దగ్గర సవ్యంగా తిరుగుతాం, అక్కడ అపసవ్యంగా తిరగాలి. లోపల తిరిగే బండి ఎడమ నుంచి వస్తుంది, దానికి ఆగాలి. మన కన్ను అలవాటుగా కుడివైపే చూస్తుంది. ఇది ఏ ఫోన్ చెబుతుంది?

ఇంకో సంగతి. నావిగేషన్‌లో రాయగడ అని కొడితే రెండు ఊళ్లు వస్తాయి. ఒకటి మీది, రెండోది గజపతి జిల్లాలో. బరంపురం నుంచి లోడుతో బయల్దేరిన ఒక కుర్రాడు ఆ రెండో రాయగడకి పోయి, రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. మన గడ్డ మీదే ఇలా అయితే దేశం కాని దేశంలో ఏం చేస్తావు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఆ రెండో రాయగడ మా జిల్లాలోనే ఉంది. తప్పు జీపీఎస్‌ది కాదు, జాబితాలో జిల్లా పేరు చూడకుండా మొదటిది నొక్కినవాడిది. 2016లో ఐస్‌లాండ్‌లో ఇలాగే జరిగింది. హోటల్ ఉన్న వీధి పేరులో ఒక్క "ఆర్" అక్షరం ఎక్కువ పడినందుకు, రేక్యవిక్‌లో దిగాల్సిన అమెరికా యాత్రికుడు దేశానికి ఉత్తర కొసన ఉన్న సిగ్లుఫ్యోర్దూర్ అనే ఊరు చేరాడు. పేరుతో పాటు పోస్టల్ కోడ్ కూడా కొట్టాలి, బయల్దేరే ముందు మొత్తం దూరం ఎంతో చూసుకోవాలి. యంత్రం మనం అడిగిన చోటికే తీసుకెళ్తుంది.

నాగావళి (రాయగడ):
మేము నాలుగేళ్లు స్టుట్‌గార్ట్‌లో ఉండి వచ్చాం, ఇటలీ కూడా కారులోనే తిరిగాం. నావిగేషన్ లేకుండా వెళ్లొద్దు. మీ నాన్నగారు రాసే కాగితం గంటకి 130 కిలోమీటర్ల వేగంలో ఎవరు చదువుతారు? మోటర్‌వే మీద ఒక ఎగ్జిట్ తప్పితే వెనక్కి తిప్పుకోవడం కుదరదు, తర్వాతి ఎగ్జిట్ దాకా పోవాల్సిందే.

అయితే కొన్ని విషయాలు ముందే తెలిసి ఉండాలి. జర్మనీలో ఇంజిన్ నడుస్తుండగా ఫోన్ చేతిలోకి తీసుకోకూడదు, ఎర్ర లైటు దగ్గర ఆగినా సరే. జరిమానా 100 యూరోలు. స్టాండుకి పెట్టుకోండి, అడ్రసు బండి కదలక ముందే కొట్టండి. స్పీడ్ కెమెరాలున్నాయని హెచ్చరించే యాప్ కూడా అక్కడ డ్రైవర్ వాడకూడదు, ఆ సెట్టింగ్ ఆపేయండి. ఆస్ట్రియా మోటర్‌వేలకి విన్యెట్ (ఆ రోడ్లు వాడుకోవడానికి ముందే డబ్బు కట్టి తీసుకునే చీటీ) కొనాలి. ఇటలీ వైపు దిగే బ్రెన్నర్ దారికి టోల్ వేరు.

అన్నిటికంటే ముఖ్యం ఇటలీ పాత ఊళ్లలో జెడ్‌టీఎల్. అంటే అనుమతి ఉన్న బండ్లకే ప్రవేశం. తెల్ల గుండ్రంలో ఎర్ర అంచు బోర్డు ఉంటుంది, పైన కెమెరా నంబర్ చదువుతుంది. పీసాలో నావిగేషన్ చెప్పిందని మావారు అందులోకి పోనిచ్చారు. "వెనక్కి తిరగండి" అంటే తిరిగి, మళ్లీ అదే వీధిలోకి వచ్చారు. ఎనిమిది నెలల తర్వాత రెండు నోటీసులొచ్చాయి. మా అడ్రసు పోలీసులకి ఇచ్చినందుకు కారు అద్దెకిచ్చిన కంపెనీ కార్డులోంచి విడిగా డబ్బు కోసుకుంది, అదీ రెండుసార్లు. హోటల్ ఆ ప్రాంతం లోపల ఉంటే ముందే కారు నంబర్ వాళ్లకి పంపండి, వాళ్లు నమోదు చేయిస్తారు. లేదంటే బయట పార్కింగ్‌లో పెట్టి నడిచి వెళ్లండి.

ఘాటీ_దారి:
చూశావా అమ్మా, నీ నోటితోనే చెప్పావు. రెండుసార్లు జరిమానా వేయించిన దాన్ని నమ్మమంటున్నావు!

నాగావళి:
బోర్డు కళ్ల ముందే ఉంది బాబాయ్ గారూ. మేమిద్దరం స్క్రీన్ చూస్తూ బోర్డు చూడలేదు. తప్పు మాది.

ఘాటీ_దారి:
నేను చెప్పేదీ అదే. స్క్రీన్ ఉంటే బోర్డు చూడరు. పైగా సిగ్నల్ పోయిందంటే? లక్ష్మీపూర్ దాటితే మన ఘాటీలో ఫోన్ మూగబోతుంది. ఆల్ప్స్ కొండల్లో పోకుండా ఉంటుందా?

మహేంద్రతనయ:
జీపీఎస్‌కి మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. మీ ఫోన్ ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం వింటుంది, కనీసం నాలుగు దొరికితే ఎక్కడున్నారో లెక్క కట్టుకుంటుంది. నెట్ కావాల్సింది మ్యాప్ బొమ్మకి, ట్రాఫిక్ కబురుకి. మ్యాప్ ముందే దించుకుంటే ఘాటీలోనూ పనిచేస్తుంది.

ఘాటీ_దారి:
సొరంగంలో?

మహేంద్రతనయ:
సొరంగంలో ఉపగ్రహం అందదు, నిజమే. కారులో బిగించి వచ్చే నావిగేషన్ అయితే చక్రం ఎంత తిరిగింది, బండి ఎటు మళ్లింది అన్న లెక్కతో కొంత దూరం అంచనా వేసుకుంటుంది. సొరంగం సంగతి వేరు, నెట్ సంగతి వేరు. రెండూ కలపకండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు.

బొయిరాణి (బరంపురం):
నెట్ గొడవ ఆపండి. తోటవీధి గారూ, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నారా? ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు, ఏడాది పనిచేస్తుంది. మన లైసెన్సు కూడా వెంట ఉండాలి. ఇటలీలో రెండూ అడుగుతారు.

తోటవీధి:
ఇంకా తీసుకోలేదండీ. ఈ వారం వెళ్తాను.

ఘాటీ_దారి:
సొరంగంలో పోతుందని ఒప్పుకున్నారు కదా. ఇక చెప్పేది వినండి. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. బండి ఆపి, అద్దం దించి, ఒక మనిషిని అడిగితే దారితో పాటు వంతెన కూలిందా, వాగు పొంగిందా అన్నీ చెబుతాడు. నలభై ఏళ్లు అలాగే తిరిగాను. కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ పార్కు వాళ్లే "జీపీఎస్ ఒక్కటే నమ్ముకుని రావద్దు" అని యాత్రికులకి చెబుతున్నారు. మనవాళ్లకి మాత్రం చెబితే ఎక్కదు.

నాగావళి:
మీకు తెలుగు, ఒడియా, దేశియా వచ్చు. మస్కట్‌లో హిందీ కూడా నడిచి ఉంటుంది. కోరాపుట్ జిల్లాలో ఏ మలుపులో ఆగినా మీకు నోరు ఉంది. పీసాలో సాయంత్రం ఏడింటికి, వెనక హారన్లు మోగుతుంటే, ఇటాలియన్‌లో ఎవరిని ఏమని అడగమంటారు? నోరు ఉండి భాష లేనివాళ్లకి ఆ యంత్రమే దిక్కు. మీరు చేయగలిగింది అందరూ చేయాలంటే ఎలా?

ఘాటీ_దారి:
భాష రాకపోతే నేర్చుకోవాలి. నాలుగు మాటలు నేర్చుకోలేనివాళ్లు కారు అద్దెకు తీసుకోవడం దేనికి? బస్సెక్కండి. మీలాంటి చదువుకున్నవాళ్ల వల్లే అనుభవానికి విలువ లేకుండా పోయింది.

నాగావళి:
"మీలాంటి" అంటే ఎవరు? నేను మిమ్మల్ని ఒక్క మాట అన్నానా?

మహేంద్రతనయ:
ఆయన డెత్ వ్యాలీ గురించి చెప్పింది నిజమే, కానీ అక్కడ సమస్య పాత దారులు మ్యాప్‌లో మిగిలిపోవడం. ఉపగ్రహానిది కాదు.

బొయిరాణి:
గురువు గారూ, ఆవిడని అలా అనడం బాగోలేదు.

ఘాటీ_దారి:
సరే, ఎందుకన్నానో చెబుతాను. మస్కట్ నుంచి వచ్చాక సొంతంగా టాక్సీ పెట్టుకున్నాను. పోయిన ఏడాది ఆగస్టులో విశాఖ నుంచి ఒక పార్టీ వచ్చింది. దేవమాలి కొండ చూడాలన్నారు. నేను సెమిలిగుడ మీదుగా తీసుకెళ్తుంటే, వెనక సీట్లో కుర్రాడు ఫోన్ చూసి "ఇటు తొమ్మిది కిలోమీటర్లు తక్కువ, తిప్పు" అన్నాడు. వానలో అది మట్టిదారి, వద్దన్నాను. "ఎక్కువ కిలోమీటర్లు తిప్పి డబ్బు లాగుదామనా" అన్నాడు. నా బండిలో, నా జిల్లాలో, ఆ మాట. తిప్పాను. బురదలో దిగబడిపోయింది. ట్రాక్టర్ తెచ్చి లాగిస్తే సాయంత్రమైంది. దేవమాలి చూపించలేదని సగం డబ్బే ఇచ్చి వెళ్లారు. ట్రాక్టర్ డబ్బులు నేనే కట్టుకున్నాను. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి మాట కంటే అరచేతిలో డబ్బా మాట ఎక్కువైంది. ఆ రోజు నుంచి ఎవరైనా "ఫోన్ చెబుతుందిలే" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

బొయిరాణి:
డబ్బు కంటే ఆ మాట ఎక్కువ బాధ.

నాగావళి:
బాబాయ్ గారూ, ఆ కుర్రాడు చేసింది ముమ్మాటికీ తప్పు. నాది కూడా వినండి.

జర్మనీ వెళ్లిన మొదటి ఏడాది మావారు నడిపేవారు, నేను పక్కన మ్యాప్ చదివేదాన్ని. ఒక మలుపు ఆలస్యంగా చెబితే "నీకు మ్యాప్ చదవడం కూడా రాదా" అని పిల్లల ముందే అరిచేవారు. ఏ ప్రయాణమైనా గొడవతోనే ముగిసేది. నాకు ఇక్కడి లైసెన్సు ఉన్నా స్టీరింగ్ ఇచ్చేవారు కాదు, దారి తెలియదు కదా అనేవారు. రెండో ఏడాది ఆయన ఊళ్లో లేనప్పుడు చిన్నదానికి రాత్రి జ్వరం ఎక్కువైంది. అప్పటికి అక్కడి లైసెన్సు తీసుకున్నాను కానీ ఒంటరిగా ఎప్పుడూ నడపలేదు. కారులో ఆసుపత్రి పేరు కొట్టి బయల్దేరాను. రెండుచోట్ల దారి తప్పాను. ఆ గొంతు నన్ను తిట్టలేదు. కొత్త దారి చెప్పింది, అంతే. ఆ రాత్రి నుంచి నేను నడుపుతున్నాను. మీరు "దారి తెలియనివాళ్లు బస్సెక్కండి" అంటే నాకు మావారి మాటలే వినిపించాయి. దారి తెలిసిన మగవాళ్లే నడపాలి అన్నట్టు.

ఘాటీ_దారి:
అమ్మా, నేను ఆ ఉద్దేశంతో అనలేదు. కానీ అన్న మాట అలాగే ఉంది. బస్సు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దారి తెలియాలన్న మాట మాత్రం వదలను. నువ్వు ఆ రాత్రి నడపగలిగావంటే, అక్కడి లైసెన్సు కోసం అక్కడి రూల్సు నేర్చుకున్నావు కాబట్టి. ఈ అబ్బాయి అవేమీ లేకుండా పర్మిట్ కాగితంతో దిగుతున్నాడు. బోర్డు లేని చిన్న కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి ముందు దారివ్వాలని అతనికి తెలుసా?

నాగావళి:
అది నిజం. నేను రాయడం మర్చిపోయాను. జర్మనీలో, ఇటలీలో కూడా అదే రూలు. నావిగేషన్ ఆ మాట చెప్పదు.

తోటవీధి:
నాకు తెలియదండీ. ఇక్కడ ఎవడి హారన్ పెద్దదైతే వాడే ముందు అన్నట్టు నడిపేశాను ఇన్నాళ్లూ.

ఘాటీ_దారి:
వచ్చే ఆదివారం జయపురం రా బాబూ. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఇటుకలు పేర్చి రౌండెబౌట్ గీస్తాను. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో ఒక పూట నడుద్దాం. ఫోన్ కూడా తెచ్చుకో. అది మాట్లాడుతుండగానే బోర్డు చూడటం అలవాటు కావాలి.

నాగావళి:
మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. ఆవిడకి లైసెన్సు ఉంటే పర్మిట్ చేయించండి. అద్దె కాగితంలో రెండో డ్రైవర్‌గా పేరు రాయించండి, పేరు లేకుండా నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదు. మ్యూనిక్ నుంచి ఫ్లోరెన్స్ దాకా ఒక్కరే నడపకండి. ఒకరు నడిపితే ఒకరు స్క్రీన్ చూసుకోవచ్చు. మలుపు ఆలస్యంగా చెప్పినా అరవకండి.

తోటవీధి:
లైసెన్సు ఉందండీ. 2019లో తీసుకుంది. ఘాటీలో వద్దని నేనే బండి ఇవ్వలేదు. ఇప్పుడే ఇదంతా చదివి వినిపించాను, ఏమీ అనకుండా లోపలికి వెళ్లి బీరువాలోంచి లైసెన్సు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. సోమవారం ఇద్దరం ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తున్నాం. బాబాయ్ గారూ, ఆదివారం ఇద్దరం వస్తాం.

మహేంద్రతనయ:
మ్యాప్‌లు ఇంట్లో ఉండగానే దించుకోండి. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ మూడూ.